అభ్రకపు రేకు: నెథానియల్ బాల్డ్విన్ జీవితము

కావలికిని ఉదయగిరికిని నడుమ కలిగిరి యున్నది. ఆ ప్రాంతమునుండి దక్షిణముగా ఆత్మకూరు, రాపూరు సీమల మీదుగా గూడూరు దాక పోవు మెట్టభూములలో వాన వెలిసి ఎండ పొడసూపగానే నేల అక్కడక్కడ మిలమిల మెరయును. పిల్లలు ఆ తళుకు రేకులను కాకిబంగారమని ఏరి పుస్తకముల పుటల నడుమ దాచుకొందురు. పెద్దలు దానిని అభ్రకమందురు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో ఈ సీమలో గనులు త్రవ్వుట మొదలైన పిమ్మట నెల్లూరు అభ్రకము తన లేత ఆకుపచ్చ చాయచేత దేశాంతర విపణులలో గుర్తింపు పొందెను. నేటి జార్ఖండు రాష్ట్రములోని కోడర్మా అభ్రకము ఎఱ్ఱచాయది; నెల్లూరిది ఆకుపచ్చనిది. ఆ దినములలో లోకమునకు కావలసిన పెద్దరేకుల అభ్రకములో అధికభాగము భారతదేశమునుండియే ఓడలెక్కుచుండెను.

అభ్రకము వేడికి చెడదు. విద్యుత్తును తనగుండ పోనీయదు. ఈ రెండు గుణములను పాఠశాలలో అందరును చదువుదురు. మూడవ గుణమొకటి పాఠ్యపుస్తకములలో అంతగా కానరాదు. కత్తిమొనతో విప్పినచో అది పొరలు పొరలుగా ఊడివచ్చును. ఎంత పలుచగా తీసినను ఆ పొర తేలికగా నుండియు బిగువు కోల్పోదు. కాగితమువలె మెత్తబడదు, ఇనుపరేకువలె బరువు తూగదు. కనుకనే తొలినాటి గ్రామఫోను సౌండుబాక్సులో సూదికదలికను గాలికందించు గుండ్రని బిళ్ళను అభ్రకముతో చేసిరి. మన తాతల ఇండ్లలో పాటలు పలికినది ఆ బిళ్ళయే. అట్టి బిళ్ళనే చెవికడ నిలిపి, ఎక్కడిదో తెలియరాని అతిస్వల్పనాదమును మానవునకు వినిపించిన వాడు నెథానియల్ బాల్డ్విన్. నేడు బస్సులో, రైలులో, చదువుగదిలో కోట్లాది జనులు తలకు తగిలించుకొను హెడ్‌ఫోనుకు మూలపురుషునిగా ఆయనను చెప్పుకొందురు.

బాల్డ్విన్ 1878 డిసెంబరు 1వ తేదీన అమెరికాలోని యూటా సీమలో ఫిల్మోర్ అను చిన్న ఊరిలో జన్మించెను. అది మోర్మను మతస్థులు 1847 మొదలుగా ఎడారినేలను సాగుచేసి నిలిపిన సీమ. బాల్డ్విన్ తండ్రి ఆ మతము పుట్టిన తొలి సంవత్సరములలోనే అందు చేరిన వృద్ధుడు. ఆ సంఘమున తొలితరమువారు బహుభార్యాత్వమును ధర్మముగా పాటించిరి. ప్రభుత్వము దానిని నేరముగా నెంచి పట్టుదలతో అణచివేయగా 1890లో మతాధిపతులే ఆ ఆచారమును విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించిరి. 1896లో యూటాకు రాష్ట్రప్రతిపత్తి లభించినది. కాని పెద్దలు ప్రకటించినంత మాత్రమున కొందరి గుండెలలో పాత విశ్వాసము చావలేదు. ఈ సంగతి యంత్రశిల్పి చరిత్రకు సంబంధము లేనిదిగా తోచవచ్చును. బాల్డ్విన్ విషయమున మాత్రము కథయంతయు దీనిచుట్టే తిరుగును.

చదువులో ఆయన చురుకైనవాడు. ప్రోవోలోని బ్రిగాం యంగ్ అకాడమీలోను, లోగాన్‌లోని వ్యవసాయ కళాశాలలోను చదివి, పిదప కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ శాస్త్రము నభ్యసించెను. తిరిగివచ్చి తాను చదివిన ప్రోవో విద్యాలయముననే ఉపాధ్యాయుడై భౌతికశాస్త్రము బోధించెను. సుఖముగా సాగవలసిన ఉద్యోగమది. అయితే బహుభార్యాత్వమును గూర్చిన పాతవిశ్వాసమును ఆయన దాచుకొనలేదు. ఉద్యోగము పోయినది. నాటినుండి చిన్న పనులతో కుటుంబమును పోషించుకొనుచు తీరిక వేళల యంత్రములతో కాలము గడపెను.

సాల్ట్ లేక్ నగరమున మోర్మనుల మహాప్రార్థనామందిరమొకటి కలదు. 1867లో పూర్తియైన ఆ కట్టడము బోర్లించిన తాబేటిడిప్పవలె నుండును. పొడవు 250 అడుగులు, వెడల్పు 150 అడుగులు. లోపల స్తంభములు లేవు. మందిరము ఖాళీగా నున్నపుడు వేదికపై గుండుసూది జారవిడిచినను చివరి వరుసవరకు వినబడునని ప్రసిద్ధి. కాని వేలాది జనులు కూర్చుండిన వేళ దుస్తుల రాపిడి, దగ్గులు, పసిపిల్లల యేడుపులు కలిసి ప్రసంగమును మింగివేయును. మైకులు లేని దినములలో మన ఊళ్ళ హరికథలలో పందిరి చివర కూర్చున్నవారి అవస్థయు ఇట్టిదే. దాసుగారి గజ్జెలచప్పుడు వినబడును. పద్యము మాత్రము ముందువరుసలవారి సొత్తు. ఆ మందిరమున ప్రసంగము సరిగా వినబడక బాల్డ్విన్ ఇబ్బందిపడెనని చెప్పుదురు. దానిని పెద్దది చేయవలెనను సంకల్పము ఆయనను పట్టుకొనినది. మొదట సంపీడిత వాయువుతో శబ్దమును హెచ్చించు సాధనమునకై ప్రయత్నించెను. ఆ త్రోవలో పోవుచుండగనే టెలిఫోను రిసీవరుపై ఆయన దృష్టి నిలిచెను.

అప్పటికి రిసీవరు పుట్టి ముప్పది యేండ్లు దాటినవి. అలెగ్జాండర్ గ్రహాంబెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన నాటినుండి దాని నిర్మాణము పెద్దగా మారలేదు. ఒక శాశ్వతాయస్కాంతము, దాని కొనలకు చుట్టిన సన్నని రాగితీగ, ఎదుట పలుచని ఇనుపరేకు. తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైనపుడు ఆకర్షణ హెచ్చి తగ్గును, రేకు కంపించును, శబ్దము పుట్టును. ఇందు ఒక చిక్కున్నది. విద్యుత్తు లేనపుడును ఆయస్కాంతము రేకును లాగుచునే యుండును. రేకు ఎల్లప్పుడును ఒకవైపునకు వంగియే యుండవలెను. మరీ పలుచనిదైనచో పోయి ఆయస్కాంతమునకే అతుక్కొనును. అట్లు కాకుండ దళసరిగా చేసినచో అల్పమైన విద్యుత్తుకు కదలదు. పైగా అట్టి ఇనుపరేకునకు సహజస్వరమొకటి కలదు; సామాన్యముగా సెకనుకు వేయి కంపనముల చుట్టుపట్ల నుండును. ఆ స్వరము తగిలినప్పుడు రేకు గంటవలె మ్రోగును. తక్కిన స్వరములకు అంతగా పలుకదు. పాత టెలిఫోనులో ఎవరి కంఠము విన్నను ముక్కుతో పలికినట్లుండుటకు ఇది ముఖ్యకారణము.

బాల్డ్విన్ చేసిన పని చూచుటకు చిన్నది. శబ్దము చేయు పనిని, ఆకర్షింపబడు పనిని రెండుగా విడదీసెను. ఒక చిన్న ఇనుపనాలుకను నడుమ ఆధారముంచి, తక్కెడకాడవలె, ఆయస్కాంతపు కొనల మధ్య నిలిపెను. ఇరువైపుల లాగుడు సమానమగుటచేత విద్యుత్తు లేనపుడు ఆ నాలుక ఏ పక్కకును వంగదు. దాని చుట్టునున్న తీగలో ఇసుమంత విద్యుత్తు పారిన చాలును, సమత్వము చెడి నాలుక ఊగును. ఆ ఊగును ఒక సన్నని కడ్డీ అభ్రకపు బిళ్ళకు అందించును. బిళ్ళ ఇనుముది కానక్కరలేదు. ఆయస్కాంతముతో దానికి పనిలేదు. తేలికగాను బిగువుగాను ఉన్న చాలును. ఇంతవరకు ఇనుపరేకును బంధించియుంచిన లాగుడునుండి శబ్దము విడుదల పొందినది. దీనినే యంత్రశాస్త్రజ్ఞులు సమతులిత ఆర్మేచరు అందురు. తరాజులో ఇరుతట్టలును సమానముగా నున్నప్పుడే గురివెందగింజ బరువు తెలియునని కంసాలికి ఎవరును చెప్పనక్కరలేదు. రిసీవరున ఆ సూత్రమును బాల్డ్విన్ పనిలో పెట్టెను.

1910లో ఆయన తన యంత్రమును అమెరికా నౌకాదళమునకు పంపెను. దానితో కూడ పంపిన లేఖ నీలము, గులాబి వర్ణముల కాగితముపై ఊదాసిరాతో వ్రాయబడియుండెను. కార్యాలయములకు వచ్చు పిచ్చిలేఖలలో అదియొకటిగా కలిసిపోవలసినది. కాని దానిని అందుకొన్న హెప్‌బర్న్ అను అధికారి యంత్రమును పరీక్షింపజేసెను. అది తమవద్దనున్న వానికంటె ఎంతో మేలుగా నుండుటచూచి నౌకాదళమువారు ఆశ్చర్యపడిరి. మరికొన్ని కావలెనని కోరిరి. బాల్డ్విన్ పదింటికంటె ఎక్కువ ఒక్కమారుగా ఒప్పుకొనలేకపోయెను. ఆయన కర్మాగారము తన ఇంటి వంటగది!

ఇంత చిన్న వస్తువుకు నౌకాదళము అంతగా ఆశపడుటకు కారణమును ఆ కాలపు స్థితిలో వెదకవలెను. అప్పటికి శూన్యనాళికలతో సంకేతమును హెచ్చించుట ఇంకను ఆచరణలోనికి రాలేదు. దూరపు ఓడ పంపిన తరంగము ఏరియలు తీగకు ఎంత శక్తినిచ్చునో ఆ స్వల్పశక్తియే చెవికడ రేకును కదల్పవలెను. మధ్యలో సాయపడువారు లేరు. కనుక రిసీవరు ఎంత సున్నితమో ఓడకు అంత దూరపు వినికిడి. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగినపుడు దాని పిలుపు ఆకాశమార్గమున పోయినది. సమీపముననున్న కాలిఫోర్నియన్ అను ఓడలో వైర్‌లెస్ ఉద్యోగి అప్పటికే యంత్రము కట్టి నిద్రించుచుండెను. దూరముననున్న కార్పాథియా వినగలిగి వచ్చి ఏడువందలకు పైగా ప్రాణములను కాపాడినది. ఆ దుర్ఘటన పిమ్మట ఓడలలో రేయింబవళ్ళు చెవియొగ్గి కూర్చుండుట చట్టమైనది. అట్లు కూర్చుండువాని తలపై ఏ సాధనమున్నదనుట చిన్నమాట కాదు.

గంటలతరబడి తలకు తగిలించుకొనుటకు పాత పట్టీ పనికిరాదని నౌకాదళమువారు సూచింపగా బాల్డ్విన్ దానిని మార్చి, తోలు చుట్టిన రెండు సన్నని కడ్డీలతో, తలల కొలతనుబట్టి సర్దుకొనునట్లు చేసెను. నేటి హెడ్‌ఫోను రూపురేఖ అప్పుడే ఏర్పడినది. దానికి పేటెంటు తీసికొమ్మని వారు చెప్పినను అది అంత గొప్పదికాదని ఆయన ఊరకుండెను. కర్మాగారము తూర్పుదిక్కునకు మార్చుమన్నను ఆయన యూటా విడువలేదు. సాల్ట్ లేక్ నగరమున కంటియున్న మిల్‌క్రీక్ వాగు నీటిశక్తితో యంత్రములు నడుచు పనిశాలను అక్కడనే నెలకొల్పెను. ప్రథమ ప్రపంచయుద్ధమున అమెరికా నౌకలకు ఆయన సాధనములే విరివిగా పోయినవి.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి కలదు. ఒక హెడ్‌ఫోను మరియొకదానికంటె మేలనుట దేనినిబట్టి? ఓడలలో వినవలసినది మోర్సుసంకేతము. అది ఒకే స్వరమున వచ్చు పొట్టి పొడుగు కూతలు. అట్టిదానికి ఒక్క స్వరమున గంటవలె మ్రోగు ఇనుపరేకు దోషము కాదు, సహాయమే. తుపాను గరగరలనడుమ ఆ ఒక్క కూత పైకి తేలును. మనుష్యకంఠము వినవలసివచ్చినపుడు ఆ గుణమే దోషమగును. సంగీతమున మఱింత కొఱతయగును. ఒకే షడ్జమము వీణపై పలికినను నాగస్వరముపై పలికినను స్వరమొక్కటియే, నాదము వేరు. ఆ భేదము ఆధారస్వరముతో కలిసి మ్రోగు పైస్వరముల పాళ్ళలో నున్నది. మృదంగపు కుడిమూతిపై నల్లనిపూత ఆ పైస్వరములను శ్రుతిలో నిలుపుచున్నదని, విశాఖపట్టణమున బాల్యము గడపిన చంద్రశేఖర వేంకటరామన్ 1920లో లోకమునకు చూపెను. పైస్వరముల పాళ్ళు చెడగొట్టని సాధనమే సంగీతమునకు మంచి హెడ్‌ఫోను. బాల్డ్విన్ యంత్రము ఈ పరీక్షలో సగము మాత్రమే నెగ్గును. సున్నితత్వమున, మాటల స్పష్టతలో అది నాటి ఇనుపరేకును మించినది. మంద్రస్థాయి మాత్రము దానికి అందలేదు. మృదంగపు ఎడమమూతి ధ్వని దానిలో తట్టుగా వినబడునే గాని గుముకు రాదు. ఆ కాలపు సాధనములన్నిటికి ఈ లోపము సమానమే.

పోల్చువాని చెవియు మోసపోవును. రెండు సాధనములలో ఏది కొంచెము బిగ్గరగా పలికినను అదియే మధురమని చెవి సాక్ష్యమిచ్చును. కనుక రెండింటి ధ్వనిపరిమాణమును సమానము చేసినగాని పోలిక చెల్లదు. మెత్త చెవిచుట్టు సరిగా అతుకకున్నచో మంద్రధ్వని సందులగుండ జారిపోవును. ఆ దోషము యంత్రముది కాదు. ఎన్నడును వినని పాటతో పరీక్షించుటకంటె, బాగుగా ఎరిగిన కంఠముతో పరీక్షించుట మేలు. వేలరూపాయలు, ఒక్కొక్కయెడ లక్షలు పోసి నేడు హెడ్‌ఫోనులు కొనువారిలో ఈ చిన్ననియమములు పాటించువారు కొద్దిమందియే.

1920 నవంబరులో పిట్స్‌బర్గ్ నగరమున రేడియోప్రసారములు మొదలైనవి. ఒకటి రెండేండ్లలో అమెరికాలో ప్రతి ఇంటను గాలెనా స్ఫటికముతో రేడియో కట్టుట వేడుకయైనది. స్ఫటికపు రేడియోకు బ్యాటరీ అక్కరలేదు, శక్తియు లేదు, హెడ్‌ఫోను మంచిదైననే పాట వినబడును. అభ్రకపు బిళ్ళతో వచ్చిన బాల్డ్విన్ హెడ్‌ఫోనులకు గిరాకి పెరిగిపోయెను. ఆ యంత్రమునకే కొమ్ము తగిలించి ఇంటిల్లిపాదికి వినిపించు లౌడ్‌స్పీకరుగను వాడిరి. వంటగదిలో పది చేసినవాని పనిశాలలో 1922 నాటికి వందకు మించినవారు పనిచేయుచుండిరి.

ధనము వచ్చెను. దానిని కూడబెట్టు బుద్ధి బాల్డ్విన్‌కు లేదు. మంచి జీతములిచ్చెను. పాతవిశ్వాసము విడువనందున సంఘమునుండి వెలివేయబడినవారికి, బహుభార్యలతో దాగియున్నవారికి తన పనిశాలలో చోటుచూపెను. తాను ఆ కారణముననే ఉద్యోగము కోల్పోయినవాడు గనుక అట్టివారిపై ఆయనకు గల కనికరము అర్థము కానిది కాదు. వారిలో కొందరు తరువాతి కాలమున ఆ చీలికసంఘమునకు నాయకులైరి. ఆ విశ్వాసమును సాగించుటకై వచ్చిన సంస్థలకు ధనమిచ్చెను; లాభము పండని వ్యాపారములలో పెట్టుబడులు పెట్టెను. ఇరుకొనల నడుమ ఏ పక్కకు వంగని నాలుకను నిర్మించినవాడు తన వ్యవహారమున ఒకే కొనకు వంగిపోయెను. వంగినరేకు అల్పధ్వనులను వినజాలదని ఆయనకంటె బాగుగా తెలిసినవారు లేరు. హెచ్చరించినవారు ఉండినను ఆ మాటలు ఆయన చెవికి చేరినట్లు కానరాదు.

1924లో సంస్థ దివాలా తీసినది. ఆ యేడే మన దక్షిణదేశమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు తొలి ప్రసారములు చేసినది. చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని ఆకాశమున పాట విన్న తొలి మద్రాసువాసులు తలలూపిన కాలముననే ఆ సాధనమును తీర్చినవాడు ఋణదాతల ముందు నిలువవలసివచ్చెను. సంస్థను నిలబెట్టుటకు చేసిన ప్రయత్నములు మరియు విషమించినవి. వాటాల అమ్మకములో తపాలా ద్వారా మోసము జరిగినదన్న నేరముపై 1930లో ఆయనకు శిక్షపడెను. వాషింగ్టన్ రాష్ట్రమున సముద్రము నడుమనున్న మక్‌నీల్ ద్వీపపు కారాగారమున రెండేండ్లు గడపెను. మోసగించుటకు కావలసిన లోభము ఆయన జీవితమున ఎక్కడను కానరాదు. ఆయన సంతకమును నమ్మి సొమ్మిచ్చినవారు నష్టపోయిన మాటయు కాదనలేము.

విడుదలయైన తరువాత దాదాపు ముప్పది సంవత్సరములు జీవించెను. ఆ కాలమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. ఐశ్వర్యము తిరిగిరాలేదు. పెక్కు పేటెంటులు ఆయన పేర నున్నవి. వానివలన ముదిమిలో చేయూత దొరకలేదు. తలపై తగిలించు పట్టీకి, ఆ మహోపకరణపు రూపునకు, పేటెంటు తీసికొననేలేదు గదా!

ఈలోగా హెడ్‌ఫోను నాదము ఆయన త్రోవను విడిచి వేరు త్రోవలు త్రొక్కెను. 1937లో బెర్లినునందు బేయర్ సంస్థ చలనతీగచుట్టతో డిటి 48 అను సాధనమును చేసినది; తీగచుట్టయే రేకుకు అంటుకొని కదలుటచేత మంద్రస్థాయికి బలము వచ్చెను. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరమున కాస్ సంస్థ రెండుచెవులకు రెండుధ్వనులిచ్చు స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించినది. 1960లో జపానుదేశపు స్టాక్స్ సంస్థ ఆయస్కాంతమునే విడిచి, ధూళికంటె తేలికగా తోచు పొరను స్థిరవిద్యుత్తుతో కదల్చు సాధనమును బయటపెట్టినది. తీగచుట్టలో దేహమున్నది, స్థిరవిద్యుత్తుపొరలో సూక్ష్మత యున్నదని నేటికిని రసికులు వాదులాడుకొందురు.

ఆ వాదమునందు బాల్డ్విన్ నాలుకకు చోటు లేకపోలేదు. వినికిడి తగ్గినవారి చెవియంత్రములలో అది ఏనాడో చేరినది. గురివెందగింజవంటి పరిమాణమున చేయవీలగుట, స్వల్పశక్తితో నడచుట దాని గుణములు. 1990ల దశకమునుండి రంగస్థల గాయకులు చెవిలోపల ధరించు ఇయర్‌ఫోనులలో అది మరల ప్రవేశించెను. మంద్రమునకు ఒకటి, మధ్యమమునకు ఒకటి, తారమునకు ఒకటియని రెండుమూడు నాలుకలను ఒక్క చెవియందే అమర్చుచున్నారు. ఒక్క నాలుకకు స్థాయిలన్నియు అందవన్న ఆనాటి లోపమునకు ఈనాటివారు కనుగొన్న ఉపాయమది. అభ్రకపు బిళ్ళకు మారుగా అందు వేరు పదార్థముల పొరలు వచ్చినవి.

బాల్డ్విన్ 1961 జనవరి 19వ తేదీన సాల్ట్ లేక్ నగరమున పరమపదించెను. మిల్‌క్రీక్ వాగు ప్రక్క ఆయన కట్టించిన పనిశాల కూలలేదు. తరువాతి కాలమున చిత్రకారులును శిల్పులును అందలి గదులలో తమ పనులు చేసికొనిరి.